పేరు తీసేసిన డేటా వాడుకుంటే తప్పేంటి?

"పేరు, ఫోన్ నంబర్ తీసేశాక మిగిలిన డేటాను కంపెనీలు వాడుకుంటే నష్టమేంటి?" అని అడిగారు. నష్టం ఉంది. పేరు లేకపోయినా మనిషి దొరికిపోతాడు. రాత్రంతా ఫోన్ ఉండే చోటు ఇల్లు, పగలంతా ఉండే చోటు ఆఫీసు. ఆ రెండూ కలిపి చూస్తే చాలాసార్లు మిగిలేది ఒక్కరే.

2006లో అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ సుమారు 6.5 లక్షల మంది సెర్చ్‌లను పేర్లకు బదులు నంబర్లు వేసి బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే, వెతికిన మాటలను బట్టే, అందులో ఒకావిడ ఎవరో విలేకరులు కనిపెట్టేశారు. పాపం, ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"అనుమతి ఇచ్చారుగా" అనే వాదన నాకు నచ్చదు. టార్చ్ యాప్‌కి కాంటాక్ట్స్ ఎందుకు? అందులోని స్నేహితుల నంబర్లకు వాళ్ల తరఫున మనం ఎలా ఒప్పుకుంటాం? ఐరోపాలో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం అందుకే పనికి అవసరమైనంత డేటా మాత్రమే తీసుకోమంటుంది.