పాత ఇంటి కరెంటు బిల్లు, మీ అమ్మాయి ప్రాజెక్టు

ప్రశ్న: మా అమ్మాయి ఒంగోలులో బీటెక్ ట్రిపుల్ ఈ మూడో సంవత్సరం. పాత ఇళ్లలో కరెంటు వాడకాన్ని ఏఐతో తగ్గించే ప్రాజెక్టు చేస్తానంటోంది. దాంతో ఉద్యోగం వస్తుందా? లేక అన్నీ పక్కన పెట్టించి లక్ష రూపాయల ఏఐ కోర్సులో చేర్పించమంటారా? టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: ఆ లక్ష దాచుకోండి. ఈ పనిలో ట్రిపుల్ ఈ చదువే ఆమెకు పెట్టుబడి.

మీ ఊళ్లోనే ఒక పై అంతస్తు ఇల్లు తీసుకోండి. మే నెలలో పగలంతా కాలిన స్లాబు రాత్రి పది దాటినా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. ఏసీ ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో ఏఐ లెక్కగట్టగలదు గానీ స్లాబును చల్లబరచలేదు. అందుకు పైన తెల్లని పూత పడాలి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. ఏ ఇంటికి పూత వేయాలి, ఏ ఇంట్లో ఫ్యాన్లు మార్చాలి, ఎక్కడ పెట్టిన రూపాయి ముందు తిరిగొస్తుంది అని తేల్చడంలోనే ఏఐ బాగా అక్కరకొస్తుంది. నేనూ కరెంటు ఆదా చేయిస్తానన్న ఒక ఏఐ యాప్ పెట్టుకున్నాను. రోజూ ‘ఏసీ తగ్గించండి’ అనడం తప్ప అది చెప్పిందేమీ లేదు. ఆ మాట మా ఆవిడ ఎప్పటినుంచో ఉచితంగానే చెబుతోంది!

నాకు ముచ్చటైన భాగం వేరే ఉంది. ఇంటికి మీటరు ఒక్కటే. మోటారు వేయగానే లోడు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఫ్రిజ్ కాసేపు తిరిగి కాసేపు ఆగుతుంది. ఈ తీరును బట్టి మీటరు రీడింగుల్లోంచే ఏ వస్తువు ఎంత వాడుతోందో విడదీయడాన్ని ఎన్‌ఐఎల్‌ఎం అంటారు. 1980ల్లో ఎంఐటీలో మొదలైంది. ఇందుకోసం 2014లో వచ్చిన ఎన్‌ఐఎల్‌ఎంటీకే అనే ఉచిత టూల్‌కిట్ తయారీలో ఢిల్లీ ట్రిపుల్ ఐటీ వాళ్ల చేయి ఉంది. అమెరికా ఇళ్ల రీడింగులతో నేర్పిన ఏఐ మోడల్ మన వోల్టేజీ హెచ్చుతగ్గులకు, కరెంటు కోతలకు తడబడుతుంది. అది ఎందుకు తడబడిందో చెప్పగలిగేది ఎలక్ట్రికల్ చదివినవాళ్లే.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. ఈ పేరుతో క్యాంపస్‌కు ఎవరూ రారు. స్మార్ట్ మీటర్లు, ఏసీలు తయారుచేసే కంపెనీల్లో, ఎనర్జీ ఆడిట్ (కరెంటు ఎక్కడ వృథా అవుతోందో తేల్చే తనిఖీ) చేసేవాళ్ల దగ్గర, గ్రీన్ బిల్డింగ్ కన్సల్టెన్సీల్లో వెతుక్కోవాలి. మొదటి జీతం పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫరంత ఉండకపోవచ్చు. ఈ పనికి పైథాన్ ప్రోగ్రామింగ్ ఎలాగూ రావాలి, కాబట్టి సాఫ్ట్‌వేర్ దారి మూసుకుపోదు. భవనం ఎంత కరెంటు వాడుతుందో కంప్యూటర్లో లెక్కగట్టే ఎనర్జీప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకోమనండి. కొంత అనుభవం వచ్చాక బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయొచ్చు. పరిశోధన మీద మనసుంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బిల్డింగ్ సైన్స్ ఉంది.

ప్రాజెక్టు మీ ఇంట్లోనే మొదలుపెట్టించండి. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే 1.125 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 0.45 చాలు. నాలుగు ఫ్యాన్లు మారిస్తే నెలకు 81 యూనిట్లు మిగులుతాయి. ముందు ఈ లెక్క చేతితో వేయమనండి. తర్వాత రెండు వారాలు మీటరు రీడింగులు తీసుకుని మోడల్‌కు ఇవ్వాలి. మోటారు, గీజరు ఎప్పుడు వేశారో, ఎప్పుడు ఆపారో ఎవరో ఒకరు నోట్‌బుక్‌లో రాయకపోతే మోడల్ చెప్పింది నిజమో కాదో తేలదు. ఆ నోట్‌బుక్ పని మీరు తీసుకోండి.