యాప్ తీసేశారు, డెవలపర్ అకౌంట్ మూసేశారు: ఇప్పుడేం చేయాలి?

"రెండేళ్లు కష్టపడి చేసిన యాప్‌ని స్టోర్ వాళ్లు ఒక్క మెయిల్‌తో తీసేశారు, అకౌంట్ కూడా రద్దు చేశారు. కారణం సరిగా చెప్పలేదు. వాళ్లకి ఇంత అధికారం ఎక్కడిది? నాకు దారేమైనా ఉందా?" అని అడిగారు. ఈ దెబ్బ నేనూ తిన్నాను, అందుకే రాస్తున్నా.

మాది భీమవరం దగ్గర. నేనూ మా బావమరిదీ కలిసి రొయ్యల రైతుల కోసం ఒక యాప్ చేశాం. ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) ఆ రోజు ధర ఎంతో చూపించేది, చెరువు వారీగా మేత లెక్క రాసుకునే వీలుండేది. ఒక రాత్రి మెయిల్ వచ్చింది: గతంలో నిబంధనలు మీరిన వేరే అకౌంట్‌తో మీకు సంబంధం ఉంది, మీ అకౌంట్ శాశ్వతంగా మూసేశాం అని. ఆ వేరే అకౌంట్ ఎవరిదో చెప్పలేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుంటే తట్టింది. అంతకుముందు ఏడాది ఒక ఫ్రీలాన్సర్‌కి మా అకౌంట్‌లో యాక్సెస్ ఇచ్చాం, పనయ్యాక తీసేయలేదు. ఫోన్ చేస్తే అతని సొంత అకౌంట్ పోయిందని అప్పుడు చెప్పాడు.

మొదటి అప్పీల్ కోపంలో రాశాను. అచ్చు పోసినట్టు రెండు లైన్ల జవాబు వచ్చింది. రెండోసారి అతనికి యాక్సెస్ ఇచ్చిన తేదీ, చేసిన పని, చెల్లించిన డబ్బు రసీదులు వరసగా పెట్టాం. మూడు వారాల తర్వాత అకౌంట్ తిరిగొచ్చింది. ఆ మూడు వారాల్లో పాత ఫోన్లలో యాప్ పనిచేసింది గానీ, కొత్తగా ఎవరూ ఎక్కించుకోలేకపోయారు. ఫోన్ మార్చిన ఒక రైతు పంట మధ్యలో మేత లెక్కలన్నీ పోగొట్టుకున్నాడు. బ్యాకప్ మేం ముందే పెట్టి ఉండాల్సింది. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇక అధికారం సంగతి. అది అకౌంట్ తెరిచేటప్పుడు మనం ఒప్పుకున్న ఒప్పందంలోనే ఉంది. 2020 ఆగస్టు 13న ఎపిక్ గేమ్స్ అనే కంపెనీ తన ఫోర్ట్‌నైట్ గేమ్‌లో, స్టోర్‌కి కమిషన్ పోకుండా, సొంత చెల్లింపు పద్ధతి పెడితే, యాపిల్, గూగుల్ రెండూ అదే రోజు ఆ గేమ్‌ని తీసేశాయి. ఆ నెలాఖరుకి యాపిల్ ఎపిక్ అకౌంట్‌నీ మూసేసింది. ఒప్పందం ప్రకారం ఆ రద్దు చెల్లుతుందని 2021 సెప్టెంబర్‌లో అమెరికా కోర్టు చెప్పింది. మన దగ్గర 2020 సెప్టెంబర్ 18న పేటీఎం ప్లే స్టోర్ నుంచి మాయమై కొన్ని గంటల్లో తిరిగొచ్చింది. 2024 మార్చి 1న ఫీజుల గొడవలో భారత్ మ్యాట్రిమోనీ, నౌకరీ లాంటి యాప్‌లను గూగుల్ తీసేస్తే, కేంద్ర మంత్రి కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లోనే అవి వెనక్కి వచ్చాయి. మీకూ నాకూ ఆ దారి లేదు.

తీసేసే అధికారమే ఉండకూడదని నేను అనను. లోన్ యాప్‌ల వేధింపులతో మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రాణాలు పోయాయి, వాటిని తీసేయాల్సిందే. కానీ తీసేసినప్పుడు కారణం వివరంగా చెప్పాలి, మనిషి చదివి జవాబివ్వాలి. యూరప్‌లో 2020 జులై నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం కారణాలు రాసివ్వాలి, అకౌంట్ పూర్తిగా మూసేటప్పుడు, కొన్ని మినహాయింపులు తప్ప, 30 రోజుల ముందే చెప్పాలి. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో ప్లే స్టోర్ చెల్లింపుల విధానంపై గూగుల్‌కి 936.44 కోట్ల జరిమానా వేసింది (అప్పీల్‌లో 216.69 కోట్లకు తగ్గింది). మంచిదే, కానీ దానివల్ల ఒక చిన్న డెవలపర్ అకౌంట్ తిరిగి రాదు. యూరప్ లాంటి నిబంధన మనకీ కావాలి.

మీరు మాత్రం ఇంట్లోవాళ్ల పేరుతో కొత్త అకౌంట్ తెరవకండి. దాన్నీ పాతదానికి ముడిపెట్టి మూసేస్తారు, మీ అప్పీల్ కూడా బలహీనపడుతుంది. మీ అకౌంట్‌లో ఎవరెవరికి యాక్సెస్ ఉందో ముందు చూడండి. ఇకపై ఆండ్రాయిడ్‌లో కొత్త యాప్ మొదలుపెడితే సైనింగ్ కీ (యాప్ మీదేనని ఫోన్ గుర్తుపట్టే డిజిటల్ సంతకం) మీరే తయారుచేసి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆ కీ ఒక్క ప్లే స్టోర్ చేతిలోనే ఉండిపోతే, రేపు యాప్ ఫైల్ (ఏపీకే) రైతులకి నేరుగా పంపినా పాత యాప్ మీద అప్‌డేట్‌గా ఎక్కదు.

మీకొచ్చిన మెయిల్‌లో ఏ నిబంధన పేరు రాశారో కింద పెట్టండి. అప్పీల్ ఎలా రాయాలో కలిసి చూద్దాం.