అంత ఖరీదైన ఊళ్లో అంత ఖాళీ స్థలమా?

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలోని క్యూపర్టినోలో ఉంటాడు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు స్టీవెన్స్ క్రీక్, వుల్ఫ్ రోడ్ల కూడలిలో కంచె వేసిన పెద్ద ఖాళీ స్థలం చూశాను. ఒకప్పుడు అక్కడ వాల్కో మాల్ ఉండేదట. పాతది పడగొట్టి కింద దుకాణాలు, పైన ఇళ్లు కట్టడానికి ఇన్నేళ్లెందుకు? కట్టకపోతేనే నయం, పిల్లల బడుల్లో రద్దీ పెరగదు అంటాడు మావాడు. నిజమేనా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, ముందు ఆ మాల్ ఎందుకు చితికిపోయిందో చెబుతాను. 1976లో తెరిచిన వాల్కో బయటికి ఒకే భవనం, లోపల మాత్రం పాలివాళ్లు పంచుకున్న ఇల్లు. మేసీస్, సియర్స్, జేసీ పెన్నీ దుకాణాలు ఎవరి భాగానికి వారే యజమానులు. నడుమ భాగం మరొకరిది. ఒకరు బాగుచేద్దామంటే ఇంకొకరు కలిసిరారు. ఈలోగా అదే రోడ్డు మీద, శాన్ హోసే సరిహద్దులో ఉన్న వ్యాలీ ఫెయిర్ మాల్ జనాన్ని లాక్కుపోయింది. 2014లో ఒక సంస్థ ముక్కలన్నీ కొని ఒక చేతి కిందికి తెచ్చింది. పట్టణ ప్రణాళిక శాఖలో పనిచేసిన మనిషిగా అంటున్నాను, పాత మాల్‌ను మార్చడంలో సగం పని అదే. దాని ఫొటోలు మాత్రం ఎవరూ వేయరు.

మిగతా సగం ఊరివాళ్లతో. 2016 నవంబరులో రెండు ప్రతిపాదనలు ఓటింగుకు వచ్చాయి. ఒకటి యజమాని ప్రణాళికకు అనుమతి ఇచ్చేది, రెండోది ఆ స్థలాన్ని వాణిజ్యానికే పరిమితం చేసేది. ఓటర్లు రెండింటినీ ఓడించారు! మరి ఏం కావాలట? ఎవరూ చెప్పలేదు. చివరికి రాష్ట్రమే కలగజేసుకుంది. 2018లో అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 35 చట్టం ప్రకారం, రాష్ట్రం పెట్టిన ఇళ్ల లక్ష్యం చేరుకోని ఊళ్లలో చవక ఇళ్ల వాటా, స్థల నిబంధనలు సరిపోతే చాలు, నగర పాలక మండలి ఇష్టాయిష్టాలతో పనిలేదు. ఆ దారిన 2,402 ఇళ్లకు అదే ఏడాది సెప్టెంబరులో అనుమతి దొరికింది. అందులో సగం తక్కువ ఆదాయాలవారికి. స్థానికుల బృందం ఒకటి కోర్టుకెళ్లింది. 2020లో తీర్పు అనుమతికే అనుకూలంగా వచ్చింది. అదయ్యాక పాత కార్ల మరమ్మతు షెడ్ల కింద మట్టి కలుషితమైందని తేలి, దాన్ని శుభ్రం చేసే పని మీద పడింది. ప్రణాళిక కూడా మళ్లీ మారింది.

ఈసారి వెళ్తే, కింద దుకాణాలు పైన ఇళ్లు ఉన్న శాంటానా రో చూడండి. అదీ స్టీవెన్స్ క్రీక్ రోడ్డు మీదే, ఒక పాత దుకాణాల సముదాయాన్ని తీసేసి కట్టిందే. 2002 ఆగస్టులో కడుతుండగా ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. అయినా నవంబరుకల్లా తెరిచారు. కింద కాఫీ తాగుతూ తల ఎత్తితే పైన ఎవరో బట్టలు మడతపెట్టుకుంటూ కనిపిస్తారు. మన పాత బజార్లలో పుట్టి పెరిగిన మీకు అందులో వింతేమీ ఉండదులెండి.

ఇక బడుల మాట. మీ అబ్బాయి భయం ఒకప్పుడు సబబే. ఇప్పుడు అక్కడి బడులను నడిపే క్యూపర్టినో యూనియన్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పిల్లలు తగ్గిపోతున్నారు; 2022లో రెగ్నార్ట్, మేయర్‌హోల్జ్ బడులను మూసేశారు. చిన్నపిల్లలున్న దంపతులు ఆ ధరలకు అక్కడ ఇల్లు కొనగలరా? మీ మనవళ్ల బడి పరిస్థితి ఏమిటో ఓసారి కనుక్కోమనండి.