సరస్సు పక్కన లైటు కింద రాలేవి దోమలేనా? ఏడాదంతా ఇంతేనా?

ఒడిశాలోని ఛత్రపురంలో తంపరా సరస్సు దగ్గర కొత్తగా ఇల్లు తీసుకున్నామనీ, దీపావళి దాటాక రోజూ లైటు కింద దోమలు గుప్పెళ్ళకొద్దీ రాలుతున్నాయనీ రాశారు. ఇవి కుడతాయా, ఏడాదంతా ఇదే గొడవా అని మీ టెన్షన్. మాది రంభ, చిలికా ఒడ్డుకు రెండు వీధుల ఇవతల ఇల్లు. ఈ పురుగుల మధ్యే పెరిగాను, బరంపురంలో జువాలజీ చదివేటప్పుడు వాటి పిల్లల్ని కోసి కూడా చూశాను.

అవి దోమలు కావు. కుట్టడానికి వాటికి సూదే లేదు. మిడ్జ్ అంటారు, పుస్తకాల్లో కైరోనమిడ్. మా ఇంట్లో మాత్రం దీపం పురుగులు. గోడ మీద వాలినదాన్ని దగ్గరగా చూడండి. దోమ వెనక కాళ్ళు పైకెత్తి కూర్చుంటుంది, ఇది ముందు కాళ్ళు ఎత్తి చాచుతుంది. రెక్కలొచ్చాక బతికేది కొద్ది రోజులే. అంతకు ముందు బతుకంతా నీటి అడుగున బురదలోనే. ఆ పిల్ల పురుగులు చాలావరకు ఎర్రగా ఉంటాయి, ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ అంతగా అందని బురదలోనూ నెగ్గుకొస్తాయి. అక్వేరియం షాపులో బ్లడ్‌వార్మ్ అని అమ్మేది వీటినే. ఊళ్ళో ఒకసారి పొగ కొట్టించారు, మర్నాడు సాయంత్రం మళ్ళీ అంతే. సరుకంతా సరస్సు అడుగున ఉంటే వీధిలో పొగ ఏం చేస్తుంది?

ఇక సీజన్. మా వీధిలో కార్తీకమాసం మొదటి విడత. అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టిన పావుగంటకి ప్రమిదలో నూనె కనపడదు, పైనంతా రెక్కలే. ఎండలు ముదరకముందు, ఫిబ్రవరి, మార్చిల్లో రెండో విడత. జోరువానల్లో పెద్దగా కనపడవు. నీళ్ళు వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి రెక్కల దాకా రెండు మూడు వారాల్లో అయిపోతుంది, చల్లబడితే సాగుతుంది. పైగా చిలికా నీళ్ళు వానల తర్వాత తియ్యగా, వేసవిలో ఉప్పగా మారతాయి, ఉప్పుకి తట్టుకోవడం ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది. మీ తంపరా మంచినీటి సరస్సు, కాబట్టి నా నెలల లెక్క మీకు అచ్చంగా కుదరకపోవచ్చు.

కార్తీకంలో వచ్చినవీ మార్చిలో వచ్చినవీ ఒకటేనా అంటే, కంటితో చూసి చెప్పలేం. ఒకే సరస్సులో పదుల జాతులుండొచ్చు, కొన్ని అచ్చు కవలల్లా ఉంటాయి. తేడా తెలిసేది లోపలే. మా ప్రాక్టికల్‌కి హాస్టల్ వెనక కాలవలోంచి ఎర్ర పురుగులు పట్టుకొచ్చాం. రెండు సూదులతో తల పట్టి లాగితే లాలాజల గ్రంథులు రెండు జెల్లీ ముక్కల్లా బయటికొస్తాయి. ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి, గాజు పలక మీద బొటనవేలితో నొక్కి మైక్రోస్కోప్ కింద పెడితే, క్రోమోజోములు లావుపాటి తాళ్ళలా, పట్టుచీర అంచులా అడ్డచారలతో కనపడతాయి. నేను మొదటి మూడు స్లైడ్లూ నలిపి పాడుచేశాను. ఈ రాక్షస క్రోమోజోముల్ని బాల్బియాని అనే శాస్త్రవేత్త 1881లో మొదట చూసింది కూడా ఈ పురుగుల్లోనే. చారల వరుస ఎక్కడ తిరగబడిందో పోల్చి, ఏది దేనికి దగ్గరి చుట్టమో చెబుతారు. ఇప్పుడైతే ఒక కాలు ముక్క చాలు, కణంలోని మైటోకాండ్రియా జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాలు చదివి జాతి తేలుస్తున్నారు. విచిత్రమేమిటంటే, వర్గీకరణలో వీటిని దోమల కంటే కుట్టే నుసుములకే దగ్గరగా పెడతారు. గొర్రెలకి నీలి నాలుక జబ్బు అంటించేవి ఆ నుసుములే. అవి మరీ చిన్నవి, మామూలు దోమతెరలోంచి దూరిపోతాయి. మీకు నిజంగా ఏదైనా కుడుతుంటే అనుమానించాల్సింది వాటినీ, అసలు దోమల్నీ.

కుట్టవు కదా అని చచ్చినవాటిని పొడిగా ఊడ్చకండి. మా వదినకి రెండేళ్ళు ఇలా ఊడ్చాకే ఆయాసం మొదలైంది. ఆ ధూళి కొందరికి ఎలర్జీ, ఉబ్బసం తెస్తుంది. తడిగుడ్డతో తుడవండి. గుమ్మం మీద తెల్ల లైటు తీసి పసుపు బల్బు పెట్టండి, తెల్లదొకటి ఉండాలనుకుంటే దూరంగా గేటు దగ్గర పెట్టుకోండి. మా అమ్మైతే ఆరున్నరకి హాల్లో లైటు ఆపేస్తుంది. ఆ గంటసేపు టిఫిన్లు సీరియల్ వెలుగులోనే, టీవీ మీద వాలినవాటిని నాన్న తువ్వాలుతో దులుపుతూ ఉంటారు.