పాఠకుల ప్రశ్నలు: ఎగ్-మోర్త్ కోట గోడ

ప్రశ్న: దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎగ్-మోర్త్ అనే చిన్న ఊరి చుట్టూ మధ్యయుగపు గోడ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉందంటారు. చాలా ఊళ్లు తమ గోడలను పడగొట్టుకున్నాయి కదా, ఇది ఎలా మిగిలింది?

జవాబు: ఊరు పెరగలేదు, అందుకే మిగిలింది. ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ 1248లోను, 1270లోను క్రూసేడ్లకు, అంటే క్రైస్తవుల మతయుద్ధాలకు, ఓడ ఎక్కింది ఈ రేవు నుంచే. గోడ ఆయన కట్టించింది కాదు. 1272లో ఆయన కొడుకు మూడో ఫిలిప్, జెనోవాకు చెందిన గుగ్లియెల్మో బొక్కనెగ్రాతో ఒప్పందం చేసుకుని పని మొదలుపెట్టించాడు. నాలుగో ఫిలిప్ కాలానికి అది పూర్తయింది. తరువాత రేవులోకి వచ్చే కాలువలు ఒండ్రుతో పూడుతూ వచ్చాయి. 1481లో మార్సెయ్ అనే పెద్ద రేవు ఫ్రాన్స్ రాజు చేతికి రావడంతో ఇక్కడి వ్యాపారం తగ్గిపోయింది. పెరిగే ఊరికి గోడ అడ్డం. అప్పుడు రాళ్లు పీకి ఇళ్లకు వాడుకుంటారు. ఇక్కడ ఆ అవసరమే పడలేదు.

దక్షిణ ఫ్రాన్స్‌లోనే గోడ ఉన్న మరో ఊరు కార్కసొన్. అక్కడ మనం చూసేదాంట్లో చాలా భాగం 19వ శతాబ్దంలో వాస్తుశిల్పి వియొలె-ల-డ్యూక్ మొదలుపెట్టిన మరమ్మతుల రూపం. పదమూడో శతాబ్దపు కట్టడాన్ని మార్పులు తక్కువగా చూడాలంటే ఎగ్-మోర్త్‌కే వెళ్లాలి.

ప్రశ్న: అక్కడికి వెళ్తే ఏం గమనించాలి?

జవాబు: దాదాపు 1,600 మీటర్ల చుట్టుకొలత, పది ద్వారాలు. వాటిలో ఐదు ఒక్క దక్షిణపు వైపే ఉన్నాయి, ఎందుకంటే రేవు అటే. పైనున్న నడవా మీద ఒక చుట్టు తిరిగి దిగిపోకండి. ప్రతి ద్వారం కింద ఆగి తల పైకెత్తండి. జాలీ తలుపు పైనుంచి దిగే గాడి పక్క గోడల్లో కనిపిస్తుంది. కప్పులో ఉన్న సందులోంచి, లోపల చిక్కుకున్న శత్రువుల మీద రాళ్లు వేసేవారు. బాణాల సందులు బయట సన్నగా, లోపల వెడల్పుగా ఉంటాయి. విలుకాడు పక్కలకు తిరిగి గురి చూడాలి, బయటివాడికి మాత్రం దొరకకూడదు.

ప్రశ్న: ఇలాంటి పాత గోడల అతుకుల్లో సిమెంట్ నింపితే రాయి పాడవుతుందంటారు. ఎందుకు? సరైన పద్ధతి ఏది?

జవాబు: మధ్యయుగపు గోడలు చాలావరకు రెండు పొరల మధ్య కూరిన కట్టడాలు. బయటా లోపలా చెక్కిన రాళ్లు, నడుమ రాతి ముక్కలు, సున్నం. లోపల చేరిన తడి సున్నపు అతుకుల్లోంచి మెల్లగా ఆవిరవుతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. అప్పుడు తడి రాయిలోంచే బయటికి రావాలి, దాంతోపాటు ఉప్పూ వస్తుంది. ఉప్పు పైపొర కింద గడ్డకట్టి ఉబ్బితే రాయి పొరలుగా రాలిపోతుంది. కొన్నేళ్లకు సిమెంట్ అతుకు మాత్రం నిలబడి, రాయి లోపలికి అరిగిపోయి ఉంటుంది. చుట్టూ ఉప్పు మడులున్న ఎగ్-మోర్త్ లాంటి చోట ఇది మరీ ప్రమాదం.

పాత అతుకును సుత్తి, సన్నని ఉలితో తీయాలి. కోత యంత్రం పెడితే రాయి అంచులు పోతాయి. లోతు కనీసం అతుకు వెడల్పుకు రెండింతలు ఉండాలి. ధూళి దులిపి, తడిపి, ఒక పాలు సహజ హైడ్రాలిక్ సున్నానికి (తడిలోనూ గట్టిపడే రకం) రెండున్నర నుంచి మూడు పాళ్లు కడిగిన గరుకు ఇసుక కలిపి గట్టిగా కూరాలి. రాయి మెత్తనిదైతే బలం తక్కువ రకం సున్నమే వాడాలి. తరువాత కొన్ని రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. ఎండకో గాలికో త్వరగా ఆరితే సున్నం బిగుసుకోకుండా పిండిలా రాలుతుంది. 5 డిగ్రీల కంటే చలి ఉన్న రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.