సిరొంచ దుకాణం బిల్లు: ఒకే మొత్తం ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఎందుకొస్తోంది?

ఎరువుల దుకాణం కోసం జావాస్క్రిప్ట్‌లో రాసిన బిల్లు పేజీలో ఒకే మొత్తం ఒక కంప్యూటర్‌లో 1,23,456.5 అనీ, ఇంకోదాంట్లో 123,456.5 అనీ, మరాఠీ పెట్టుకున్న ఫోన్‌లో దేవనాగరి అంకెల్లోనూ వస్తోందన్నారు. పైగా ట్రాలీ కిరాయి 250 కలిపితే లెక్క తప్పుతోందట. ఇవి రెండు వేర్వేరు తప్పులు.

అంకెను భాషకు తగ్గట్టు కామాలతో చూపించే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ టులొకేల్‌స్ట్రింగ్. దాని పక్కన బ్రాకెట్లు ఖాళీగా వదిలేస్తే అది బ్రౌజర్ భాషను పట్టుకుంటుంది. అమెరికా ఇంగ్లిష్‌కి మూడేసి అంకెలకు కామా, మన ఇంగ్లిష్‌కి, తెలుగుకి లక్షల కామా. మరాఠీకి డిఫాల్ట్ దేవనాగరి అంకెలే. సిరొంచ మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దు ఊరు కదా, కాళేశ్వరం వైపు నుంచి వచ్చే రైతు ఫోన్ తెలుగులో, గడ్చిరోలి నుంచి వచ్చే ఏజెంటు ఫోన్ మరాఠీలో ఉండే చోట ఇది తప్పదు. బ్రాకెట్లో మొదట మన ఇంగ్లిష్ కోడ్ 'ఈఎన్-ఐఎన్' రాసెయ్యండి. మరాఠీయే ఉంచి అంకెలు మాత్రం మామూలువి కావాలంటే, రెండోదిగా ఇచ్చే ఆప్షన్లలో నంబరింగ్‌సిస్టమ్‌కి 'ఎల్ఏటీఎన్' ఇవ్వండి. నాలుగే అక్షరాలు. మధ్యలో ఐ చేర్చి 'లాటిన్' అని రాస్తే ఎర్రర్ రాదు, దేవనాగరీ పోదు. ఎక్కువమంది తిప్పలు పడేది ఇక్కడే.

చివర 50 పైసల బదులు ఒక్క 5 కనిపించడానికి కారణం, కనీసం ఎన్ని దశాంశాలు చూపాలో చెప్పే మినిమమ్‌ఫ్రాక్షన్‌డిజిట్స్ ఆప్షన్ ఇవ్వకపోవడం. దాన్నీ, గరిష్ఠంగా ఎన్నో చెప్పే మాక్సిమమ్‌ఫ్రాక్షన్‌డిజిట్స్‌నీ రెంటినీ 2 చేయండి. మాక్సిమమ్ వదిలేస్తే మూడు దశాంశాల దాకా వస్తాయి.

ఇక కూడిక. దశాంశాలను కుదించే టుఫిక్స్‌డ్ ఫంక్షన్ ఇచ్చేది సంఖ్య కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరస. 123456.50కి 250 కలపమంటే పక్కన అతికించి 123456.50250 చేస్తుంది. స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చే పార్స్‌ఫ్లోట్‌తో వెనక్కి తెద్దామంటే, 1,23,456.50లో మొదటి కామా దగ్గరే ఆగిపోయి 1 ఇస్తుంది. దేవనాగరి అంకెలైతే 'నాన్', అంటే సంఖ్యే కాదు అని. స్క్రీన్ మీది అంకెను మళ్లీ లెక్కలోకి తీసుకోవడమే అసలు తప్పు. లెక్కంతా పైసల్లో, పూర్ణసంఖ్యల్లో నడపండి: 12345650కి 25000 కలిపితే 12370650. చూపించేటప్పుడు మాత్రమే 100తో భాగించి ఫార్మాట్ చేస్తే 1,23,706.50 వస్తుంది. రూపాయల్లోనే ఉంచితే రౌండింగ్ కూడా దెబ్బకొడుతుంది: 1.005ని రెండు దశాంశాలకు టుఫిక్స్‌డ్ చేస్తే 1.01 రాదు, 1.00 వస్తుంది. ఆ సంఖ్య కంప్యూటర్ లోపల బైనరీలో (0, 1 అంకెల లెక్కలో) 1.005 కంటే పిసరంత తక్కువగా నిలవ ఉంటుంది మరి.

సర్వర్ వైపు పైథాన్ భాషలో రాసి ఉంటే ఫార్మాట్‌లో కామా పెట్టినా మూడేసి అంకెలకే పడుతుంది, లక్షల లెక్క రాదు. అందుకే సర్వర్ నుంచి పైసలు పంపి, కామాలు బ్రౌజర్‌లోనే వేయించండి.

స్టైల్ 'కరెన్సీ', కరెన్సీ 'ఐఎన్ఆర్' ఇస్తే రూపాయి గుర్తు, రెండు దశాంశాలు వాటంతటవే వస్తాయి. కాకపోతే కొన్ని థర్మల్ ప్రింటర్ల ఫాంట్‌లో ఆ గుర్తు ఉండదు, ప్రశ్నార్థకం పడుతుంది. అలాంటి ప్రింటరైతే 'రూ.' అని కూడా నమ్మకండి, తెలుగూ రాకపోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాలు ఆర్, ఎస్ వేసి వదిలేయండి.