పది గళ్లూ నిండకపోయినా ఫర్వాలేదు

"అక్కా, 10 గళ్లుంటే మావాడికి నాలుగే నిండాయి. మిగతా ఆరింట్లో ఏం రాయమంటావు?"

పోయిన శనివారం ఒక తల్లి ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి అడిగింది. వాళ్లు అమెరికా వచ్చి రెండేళ్లయింది, బాబు పన్నెండో తరగతికొచ్చాడు. ఏటా ఆగస్టు 1న కామన్ యాప్ (అమెరికాలో చాలా కాలేజీలకు ఒకేచోట పెట్టుకునే దరఖాస్తు) తెరుచుకున్నాక ఈ ప్రశ్న ఏదో ఒక ఇంటి నుంచి నాకు వస్తూనే ఉంటుంది. అందుకే ఆవిడకు చెప్పిందే మీకూ రాస్తున్నాను.

కామన్ యాప్‌లో యాక్టివిటీలకు, అంటే క్లాసు చదువు కాకుండా పిల్లలు చేసే పనులకు, 10 గళ్లుంటాయి. 10 అంటే అంతకు మించి రాయనివ్వరని మాత్రమే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దరఖాస్తులో అవార్డులతో కలిపి 20 దాకా రాయనిస్తారు. ఎంఐటీ తన సొంత దరఖాస్తులో నాలుగే అడుగుతుంది. కాబట్టి లెక్క గురించి బెంగ వద్దు.

నేను బాబు వైపు తిరిగి, "స్కూలయ్యాక ఏం చేస్తావు నాన్నా?" అన్నాను. "ఏం చేయను ఆంటీ, ఇంటికొచ్చేస్తా" అన్నాడు. ఎందుకు అంత తొందరగా అంటే అప్పుడు వాళ్లమ్మ చెప్పింది. రెండో తరగతి చదివే చెల్లెలు మూడింటికి బస్సు దిగుతుంది. వీడే తీసుకొచ్చి, తినడానికి పెట్టి, హోంవర్క్ చేయిస్తాడు. అమ్మానాన్నలు వచ్చేసరికి ఆరవుతుంది. వచ్చిన మొదటి వారం నుంచీ ఇదే. "అది ఇంటి పని కదక్కా, యాక్టివిటీ ఎలా అవుతుంది?" అంది.

అవుతుంది. యాక్టివిటీ రకాల జాబితాలో 'కుటుంబ బాధ్యతలు' అని విడిగానే ఉంది. రోజుకు మూడు గంటలు, వారానికి 15, ఏడాదికి దాదాపు 36 బడి వారాలు. ఆ నాలుగు గళ్లలో ఉన్న ఏ క్లబ్బుకీ వాడు ఇందులో సగం సమయం కూడా ఇవ్వలేదు. పిల్లలకు ఇలాంటివి తోచవు, మనకేమో చిన్నతనంగా అనిపిస్తుంది. గుర్తు చేయాల్సింది తల్లిదండ్రులే. అంతవరకే మన పని, కల్పించడం కాదు.

వివరణకిచ్చే చోటు 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. బాబు ముందు "చెల్లెలి పట్ల బాధ్యత, అంకితభావం, నాయకత్వం చూపాను" అన్న అర్థం వచ్చేలా రాశాడు. అది ఎవరి దరఖాస్తులోనైనా ఉండే వాక్యం. చెరిపేసి, జరిగింది జరిగినట్టు రాయమన్నాను. "రోజూ 3 నుంచి 6 దాకా చెల్లి నా దగ్గరే. వచ్చినప్పుడు ఇంగ్లీషు చదవలేకపోయేది. రాత్రి కథ పుస్తకం ఇప్పుడు తనే నాకు చదివి వినిపిస్తుంది." ఇంగ్లీషులో కుదించాక సరిగ్గా పట్టింది. ఆ చివరి వాక్యం చదివి వాళ్లమ్మ కాసేపు మాట్లాడలేదు.

వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని రాసే దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. పిల్లాడు ఏడాదంతా ఆపకుండా చేస్తే తప్ప 52 వారాలు వేయకండి. అన్నీ రాశాక వారం గంటలు కూడి చూడండి. బడి, హోంవర్కు, నిద్ర తీసేస్తే వారంలో మిగిలేది ఎంత? కూడిక అంతకు మించితే చదివేవాళ్లకు వెంటనే అర్థమైపోతుంది, ఆపైన నిజంగా చేసినవాటినీ అనుమానంగానే చూస్తారు.

ఇక కాలేజీ అడ్మిషన్ల కన్సల్టెంట్ల సంగతి. మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా ఒకాయన దగ్గరికి వెళ్లాం. పిల్ల పేరు మీద స్వచ్ఛంద సంస్థ రిజిస్టర్ చేయించండి, వ్యవస్థాపకురాలు అని రాసుకోవచ్చు అన్నాడు. వెబ్‌సైటుకి మాటలు రాయడం నేనే మొదలుపెట్టాను. రెండో రాత్రి అమ్మాయి వచ్చి, "అమ్మా, దీని గురించి ఇంటర్వ్యూలో అడిగితే నేనేం చెప్పాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. అక్కడితో ఆపేశాం.

దాని బదులు తను నాలుగేళ్లుగా ఆదివారాలు తెలుగు బడిలో చిన్నపిల్లలకు సాయంగా కూర్చుంటున్న సంగతి రాసింది. వారానికి రెండే గంటలు. ఇక్కడ పుట్టిన పిల్లలకు 'కల', 'కళ' ఒకేలా పలుకుతాయి. మా అమ్మాయి చేతి అద్దాలు పట్టుకెళ్లి, నాలుక ఎక్కడ తగులుతోందో పిల్లల్నే చూసుకోమనేది. ఇంటర్వ్యూ చేసినావిడ అరగంటలో సగం ఆ అద్దాల గురించే అడిగిందట.

ఇంకో మాట. చివర్లో సంతకం చేసేది పిల్లలు. ఇందులో ఉన్నదంతా నిజమని ఒప్పుకుంటూ చేస్తారు. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ కొందరిని ఎంపిక చేసి, రాసినవాటికి రుజువులు పంపమంటుంది. 2019లో బయటపడ్డ అడ్మిషన్ల కుంభకోణంలో, ఆడని ఆటలు ఆడినట్టు పిల్లల పేరున కాగితాలు సృష్టించిన తల్లిదండ్రులు జైలుకి వెళ్లారు. చిన్న అతిశయోక్తికి జైలు పడదు కానీ, పదిహేడేళ్ల పిల్లతో అబద్ధం మీద మొదటి పెద్ద సంతకం చేయించడం నాకు మనసొప్పదు.

కొత్తగా వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా రెండు విషయాలు. హెచ్4 వీసా (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చేది) మీదున్న పిల్లలు జీతానికి పని చేయకూడదు. తోటిపిల్లలు దుకాణాల్లో పని చేసినట్టు రాస్తున్నారని మీరు కంగారు పడకండి, చేతికి డబ్బులిచ్చే పనులకు అసలే పంపకండి. లైబ్రరీ, ఫుడ్ బ్యాంక్ లాంటి చోట్ల స్వచ్ఛందంగా చేయొచ్చు. రెండోది, తొమ్మిదో తరగతి ఇండియాలో చదివితే అక్కడ చేసినవీ రాయొచ్చు. ఊరు మారడం వల్ల ఆగిపోతే ఆగిపోయిందనే రాయండి.

కూచిపూడి, సంగీతం లాంటివి "మనవాళ్లందరూ రాసేవే కదా" అని దాచకండి. "అరంగేట్రం చేశాను" అంటే మాత్రం చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఎన్నేళ్లు నేర్చుకుని, ఎంతసేపు ఒంటరిగా వేదిక మీద నాట్యం చేసిందో చెప్పండి.

ఆ బాబు దరఖాస్తు ఐదు గళ్లతో ఆగింది. సోమవారం స్కూల్ కౌన్సెలర్‌ని కలిసి చెల్లెలి సంగతి చెప్పమన్నాను, ఆవిడ కాలేజీలకు రాసే ఉత్తరంలో అదీ వస్తుందని. రెండేళ్లుగా ఈ కుర్రాడు సాయంత్రం ఏ క్లబ్బులోనూ ఎందుకు కనబడడో ఆవిడకు ఇంతవరకూ తెలియదు.